అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలదా?

మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఏడాదికి పాఠాలు సాగుతుండగా పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు నాలుగు, కొంత చదువు ముగిశాక పెట్టే సమ్మేటివ్ పరీక్షలు రెండు. పరీక్షలే వద్దని నేను అనడం లేదు. పలాసకూ పులివెందులకూ ఒకే ప్రశ్నపత్రం పంపి, వచ్చిన మార్కులను ఆన్‌లైన్‌లో ఎక్కించి, ఆ అంకెలతోనే పిల్లలనూ పంతుళ్లనూ తూచడం తగ్గాలంటున్నాను.

చిన్న తరగతులకు కూడా ఓఎంఆర్ షీట్లు ఇచ్చినప్పుడు మా ఊరి బడిలో ఆ తంతు చూశాను. మూడో తరగతి పాప సరైన జవాబును వేలు పెట్టి చూపించి, తీరా పెన్నుతో కింది వరుసలోని వృత్తం నింపింది. ఇక ఆ కాగితం లెక్కలో ఆమెకు కూడికలు రానట్టే. మార్కులు ఎక్కించే హడావుడిలో పడిన ఉపాధ్యాయురాలికి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పొరపాటు ఎక్కడ జరిగిందో చూపించే తీరిక దొరకలేదు.

మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర గిరిజన పిల్లల సంగతి మరీ కష్టం. ఇంట్లో సవర మాట్లాడే బిడ్డకు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకం ఇచ్చి, మైదానపు పిల్లలకు ఇచ్చిన ప్రశ్నలే ఇస్తే, మనం కొలిచేది గణితాన్నా, భాషనా? ఆ పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం కూడా వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన శ్రీకాకుళం జిల్లా ఇది.

పరీక్షలు లేకపోతే చదువు ఎలా సాగుతోందో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుందని అడుగుతారు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా పిసకనక్కరలేదు కదా. 2024 డిసెంబరులో కేంద్రం జరిపిన పరఖ్ సర్వే 3, 6, 9 తరగతుల నుంచి నమూనాగా ఎంచిన పిల్లలనే పరీక్షించింది. వ్యవస్థను కొలవడానికి ఆ పద్ధతి చాలు. పిల్లవాడిని కొలవడానికి వాడి ఉపాధ్యాయుడు ఉన్నాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కోరిన నిరంతర సమగ్ర మూల్యాంకనం కూడా ఇదే. మనం అందులో ‘నిరంతర’ను మాత్రం గట్టిగా పట్టుకున్నాం.

పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఉండనివ్వండి. ఐదో తరగతి వరకు మాత్రం ప్రశ్నపత్రం ఆ బడి పంతులే రాసుకోనివ్వండి. తనిఖీకి వచ్చే అధికారి శాతాలు అడగడం మాని, ఏ ముగ్గురు పిల్లల నోటుపుస్తకాలనైనా తెప్పించుకుని తిరగేస్తే సరిపోతుంది.