చేసి చూపిస్తేనే సర్టిఫికెట్

ఐటీ సర్టిఫికేషన్లలో రెండు రకాల పరీక్షలున్నాయి. ఒకదానిలో నాలుగు జవాబులిచ్చి సరైనదాన్ని గుర్తించమంటారు. రెండోదానిలో పాడైన సిస్టమ్‌ను ఎదుట పెట్టి బాగుచేయమంటారు. మన పిల్లలు ఎక్కువగా రాస్తున్నది మొదటి రకం. బెంగళూరు కంపెనీల్లో రాత్రి రెండు గంటలకు సర్వర్ పడిపోయినప్పుడు అక్కరకొచ్చే పనితనం నిగ్గు తేల్చేది రెండో రకం. సర్టిఫికేషన్‌ను పటిష్ఠం చేయడమంటే పరీక్షను మొదటి రకం నుంచి రెండో రకానికి మార్చడమేనని మా దృఢ అభిప్రాయం.

అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు నుంచి డిగ్రీ పూర్తిచేసి బస్సెక్కినవాళ్లు మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో దిగి, దగ్గర్లోని ఇన్‌స్టిట్యూట్‌లో చేరతారు. కొన్నిచోట్ల కోర్సుతో పాటే ‘డంప్స్’ చేతికొస్తాయి. అంటే అసలు పరీక్ష నుంచి దొంగచాటుగా బయటికొచ్చిన ప్రశ్నలు, జవాబులు. పిల్లలు వాటిని ఎందుకు ఆశ్రయిస్తున్నారో పరీక్ష లెక్క చూస్తే అర్థమవుతుంది. అమెజాన్ క్లౌడ్ ‘సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్’ పరీక్షలో 130 నిమిషాల్లో 65 ప్రశ్నలు చేయాలి. వెయ్యికి 720 రావాలి. ప్రకటిత రుసుము 150 డాలర్లు, పన్ను అదనం. తప్పితే 14 రోజులు ఆగి మళ్లీ పూర్తి రుసుము కట్టాలి. ఇంట్లో అప్పు చేసి పంపిన డబ్బుతో రాసేవాడికి రెండో ప్రయత్నం తలకు మించిన భారం. ఆ భయమే డంప్స్‌ను అమ్ముడుపోయేలా చేస్తోంది. పట్టుబడితే స్కోరు రద్దవుతుందని, మళ్లీ రాయకుండా నిషేధించవచ్చని వాళ్లకు చెప్పేవారు తక్కువ.

ఈ పరీక్ష నాసిరకమని మేము అనడం లేదు. ప్రశ్నలు ఆలోచించి రాసినవే. కానీ ఎంపిక ప్రశ్న ఒకసారి బయటపడ్డాక అది కొలిచేది జ్ఞాపకశక్తినే.

సర్వర్లలో ఎక్కువగా వాడే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నిర్వాహకులకు రెడ్‌హ్యాట్ కంపెనీ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష దీనికి పూర్తిగా భిన్నం. అందులో టిక్కు పెట్టే ప్రశ్న ఒక్కటీ ఉండదు. మెషీన్లు అప్పగించి చేయాల్సిన పనులు చెబుతారు. 300కు 210 రావాలి. చేసిన ప్రతి మార్పూ రీబూట్ తరువాత నిలిచి ఉండాలన్నది షరతు. సర్వీసును స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయడం (బూట్ అయినప్పుడల్లా దానంతటదే మొదలయ్యేలా పెట్టడం) మరిచినా, ఫైర్‌వాల్‌లో పోర్టు తెరిచి దాన్ని శాశ్వతం చేయకపోయినా ఆ మార్కులు పోతాయి. బూట్ సమయంలో ఏ డిస్కు ఎక్కడ జతకావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఒక్క పంక్తి తప్పు రాస్తే మెషీన్ అసలు బూటే కాకపోవచ్చు. దానిమీద చేసిన మిగతా పని కూడా దాంతోపాటే పోతుంది. డేటా సెంటర్లో జరిగేదీ ఇదే కనుక ఈ కఠినత్వం న్యాయమైనది. అనేక సర్వర్లపై అప్లికేషన్లను నడిపించే కుబర్నెటిస్ వ్యవస్థ నిర్వాహకుల సీకేఏ పరీక్ష రెండు గంటలు, ఉత్తీర్ణతకు 66 శాతం. అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోవచ్చు. కమాండ్ కంఠతా రాకపోయినా ఫరవాలేదు, తప్పెక్కడుందో పట్టుకోవడం రావాలి.

దీని విలువ తెలియాలంటే ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థ 2017 జనవరి 31న పడిన అవస్థ గుర్తుచేసుకోవాలి. ఒక ఇంజినీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ సర్వర్లోని డైరెక్టరీని తుడిచేశారు. బ్యాకప్‌కు, రెప్లికేషన్‌కు (డేటాను మరో సర్వర్‌కు ఎప్పటికప్పుడు నకలు చేయడం) కలిపి ఐదు ఏర్పాట్లున్నా ఒక్కటీ నమ్మదగ్గ స్థితిలో లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉంటే బ్యాకప్ తీసే టూల్ 9.2 వెర్షన్‌తో నడిచింది. అందువల్ల బ్యాకప్ చప్పుడు లేకుండా విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు పంపినవారు అసలైనవారేనా అని చూసే డీమార్క్ తనిఖీలో తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) వల్లే బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఈ వివరాలన్నీ ఆ సంస్థే దాచకుండా ప్రచురించడం మెచ్చుకోదగ్గది. బ్యాకప్‌లో ఎన్ని రకాలో అడిగే ప్రశ్నకు అక్కడివారెవరైనా సరైన జవాబు గుర్తించేవారే. కొరవడింది, తీసిన బ్యాకప్‌ను వేరే మెషీన్‌పై రీస్టోర్ చేసి చూసుకునే అలవాటు. ఆ అలవాటును పరీక్షించాలంటే రీస్టోర్ చేయించాల్సిందే.

తప్పంతా పిల్లలదీ ఇన్‌స్టిట్యూట్లదీ అనుకోవడం సరికాదు. క్లౌడ్ సంస్థల భాగస్వామ్య పథకాల్లో ఐటీ కంపెనీకి దక్కే హోదా, ఆ కంపెనీలో సర్టిఫికేషన్ ఉన్నవారు ఎందరన్న లెక్కపైనా ఆధారపడుతుంది. హోదా కావాలంటే తలలు లెక్క చూపాలి. ఆ ఒత్తిడి చివరికి బెంచ్ మీద ఉన్న ఉద్యోగి మీద పడుతుంది. ఫలానా తేదీలోగా పాసవ్వమని గడువు పెడితే, చేతిలో ప్రాజెక్టు లేనివాడు నేర్చుకునే దారి వదిలి పాసయ్యే దారి వెతుక్కుంటాడు. దొంగ ప్రశ్నలకు గిరాకీ వీధిలోనే కాదు, ఆఫీసులోనూ పుడుతోంది.

సర్టిఫికేషన్‌ను పటిష్ఠం చేయడానికి దేశంలో పునాదులు లేకపోలేదు. 1990లో మొదలైన కంప్యూటర్ కోర్సుల డోయాక్ పథకం ఓ, ఏ, బీ, సీ స్థాయిలతో కాలేజీ బయట చదువుకున్నవారికీ తలుపు తెరిచింది. ఇప్పుడు దాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ నడుపుతోంది. 2013లో నైపుణ్యాలను స్థాయిలుగా వర్గీకరించే జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చింది. వ్యక్తులకు సర్టిఫికెట్లిచ్చే సంస్థలకు ఐఎస్ఓ 17024 ప్రమాణం ఉంది, దాని ప్రకారం గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీసీబీ అనే బోర్డు మన దేశంలోనే ఉంది. ఆ ప్రమాణం ప్రాణం నిష్పాక్షికతలో ఉంది. పాఠం చెప్పి ఫీజు తీసుకున్నవాడే ఫలితం తేల్చకూడదు. జపాన్ 1969 నుంచి ప్రభుత్వ స్థాయిలోనే ఐటీ పరీక్షలు నడుపుతోంది. అక్కడ భద్రతా నిపుణులుగా నమోదైనవారు మూడేళ్లకోసారి నమోదును పునరుద్ధరించుకోవాలి.

మేము కోరుతున్న పరీక్ష మూడు గంటలది. నీలిట్, కేంద్ర పరిశోధన సంస్థ సీడాక్, ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో జరగాలి. నాలుగు పనులు చాలు: లాగ్‌లు చదివి ఆగిపోయిన సర్వీసుకు కారణం కనిపెట్టడం, డేటాబేస్‌ను చెప్పిన నిమిషంలో ఉన్న స్థితికి రీస్టోర్ చేయడం, అన్ని అనుమతులూ ధారపోసిన ఒక రోల్‌ను (యూజర్‌కు ఏం చేసే వీలుందో చెప్పే ఏర్పాటు) అవసరమైన మేరకు కుదించడం, పాత ప్యాకేజీని సేవ ఆగకుండా ప్యాచ్ చేయడం. పేర్లు, పోర్టులు, లోపం ఉన్న చోటు ఒక్కొక్క అభ్యర్థికీ మారాలి. అప్పుడు పక్కవాడి జవాబు, నిన్నటి జవాబు పనికిరావు. మార్కులు స్క్రిప్టు వేయాలి, అదీ రీబూట్ తరువాతి స్థితిని చూసి. ఇలాంటి పరీక్షల్లో తరచూ దెబ్బతీసేది కరెంటు, నెట్‌వర్క్. అందుకని కొన్ని నిమిషాలకోసారి మెషీన్ స్థితి సేవ్ అవ్వాలి. అప్పీలుకు ఆధారంగా కొట్టిన కమాండ్లన్నీ నమోదవ్వాలి. ఒకరి బదులు ఒకరు రాయకుండా కేంద్రంలోనే వేలిముద్ర తీసుకోవాలి. పనుల వివరణ తెలుగులో, కన్నడలో కూడా ఇవ్వాలి. ఇంగ్లిష్ పేరా తప్పుగా చదివినందుకు మంచి లైనక్స్ పనివాడు ఫెయిలవ్వడం అన్యాయం.

వైద్యులకు ఉన్నట్టు లైసెన్సు పెట్టమని మేము అడగడం లేదు. పట్టా లేకుండా స్వయంగా నేర్చుకున్నవాళ్లు ఈ రంగానికి చేసిన మేలు పెద్దది, ఆ దారి మూయకూడదు. అయితే బ్యాంకు, ఆస్పత్రి, ప్రభుత్వ డేటాను కాపాడే ఉద్యోగాల సంగతి వేరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల జరిమానాకు వీలు కల్పించింది. భారీగా డేటా సేకరించే ప్రధాన సంస్థలు డేటా రక్షణ అధికారిని నియమించాలని చెప్పింది. ఆ అధికారికి ఏ అర్హత ఉండాలో మాత్రం చట్టం చెప్పలేదు. కేంద్రం ఇక్కడ కనీస ప్రాయోగిక అర్హతను నిర్ణయించాలి.

కంపెనీలు వెంటనే చేయగలిగినవి రెండున్నాయి. అభ్యర్థి పంపిన పీడీఎఫ్‌ను ఫైల్లో పెట్టుకోవడం మాని, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్లో నంబరు కొట్టి, గడువు తేదీతో సహా సరిచూడాలి. పాసైతేనే ఫీజు తిరిగిస్తామన్న నిబంధన ఎక్కడున్నా ఎత్తేసి, మొదటి రెండు ప్రయత్నాల ఫీజును ముందే కట్టాలి. దాంతోపాటు ల్యాబ్‌లో సాధన చేయడానికి వారానికి కొన్ని పని గంటలు కేటాయించాలి.