ధమనుల్లో పూడికకు సీసాలో మూలిక: నా అభ్యంతరం

విశాఖ బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చేవారి వాట్సాప్ గ్రూపుల్లో అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, ఆపిల్ వెనిగర్ కాచి తేనె కలిపే కషాయం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. దాన్ని పరగడుపున తాగితే గుండె నాళాల్లోని బ్లాకులు కరిగిపోతాయనీ, నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలి గొట్టం, అదే స్టెంటు, అవసరమే ఉండదనీ నమ్మబలుకుతారు. ఇప్పుడు ఆ హామీ తెల్లమద్ది బెరడు, గుగ్గులు, పసుపు సారాల సీసాల మీదికి కూడా ఎక్కింది. మూలికలంటే నాకు చులకన లేదు. నా పేచీ ఆ హామీతోనే.

ధమనిలోని పూడిక కాలువలో పేరుకున్న మడ్డి వంటిది కాదు. ‘చెడు కొలెస్ట్రాల్’ అని పిలిచే ఎల్‌డీఎల్ నాళం లోపలి పొర కిందికి చొరబడి ఆక్సీకరణం చెందుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్లరక్తకణాలు కొవ్వుతో ఉబ్బి అక్కడే చిక్కుకుపోతాయి. వాటి చుట్టూ పీచు కణజాలమూ, కాల్షియమూ చేరి ఏళ్ల మీద ‘ప్లాక్’ అనే ఆ పూడిక గట్టిపడుతుంది. అంటే అది నాళపు గోడలోనే పెరిగినది. దాని పైపొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టినప్పుడే చాలావరకు గుండెపోటు వస్తుంది. కడుపులోకి వెళ్లిన కషాయం ఆ గోడలోనిదాన్ని ఎలా కడుగుతుందో ఆ సందేశాలు పంపేవారెవరూ చెప్పరు.

గుగ్గులు కథ తెలుసుకోదగ్గది. సుశ్రుతుడు చెప్పిన మేదోరోగ (ఒంట్లో కొవ్వు పెరిగే జబ్బు) లక్షణాలను ఆధారం చేసుకుని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్ల మీద గుగ్గులుతో చేసిన పరిశోధన 1966లో వెలువడింది. ఆ బాటలోనే లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ దాన్ని కొలెస్ట్రాల్ తగ్గించే మందు దాకా తీసుకొచ్చింది. ఇది మనం గర్వించదగ్గ శాస్త్రం. అయితే 2003లో అమెరికాలో 103 మందికి 8 వారాలు గుగ్గులు సారమో, మందు లేని ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూస్తే, సారం తీసుకున్నవారిలో ఎల్‌డీఎల్ తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది. కొందరికి ఒంటిపై దద్దుర్లు కూడా వచ్చాయి. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో 192 మందిపై 6 నెలలు పచ్చి వెల్లుల్లిని, దాని మాత్రలను పరీక్షించినప్పుడు ఎల్‌డీఎల్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2022లో వెలువడిన మరో అధ్యయనంలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్ రోజుకు 5 మిల్లీగ్రాముల మోతాదులో 28 రోజుల్లో ఎల్‌డీఎల్‌ను సుమారు 38 శాతం తగ్గించగా, వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు మాత్రలు ఉత్తుత్తి మాత్రను మించలేకపోయాయి.

స్టాటిన్లు ‘కెమికల్’ అని భయపడేవారికి ఒక మాట: ఈ జాతి మందు మొదట దొరికింది 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో పరిశీలించిన బూజులోనే.

వంటింటి సరుకుల్లో పనిచేసేవి లేవని కాదు. ఇసబ్‌గోల్‌లోని కరిగే పీచు ఎల్‌డీఎల్‌ను కొద్దిగా తగ్గిస్తుంది. ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే ఎర్రటి రక్షకపత్రాల టీని రోజుకు మూడు కప్పుల చొప్పున 6 వారాలు తాగినవారిలో పై రక్తపోటు 7 పాయింట్ల మేర తగ్గిందని 2010 నాటి అధ్యయనం చెప్పింది. (గోంగూర పచ్చడికి ఈ పుణ్యం అంటదు, అందులోని ఉప్పు సంగతి మనకు తెలియనిది కాదు.) ఇవన్నీ మందుకు తోడుగా పనికొస్తాయే తప్ప మందు స్థానంలో నిలబడవు.

మా వీధిలో స్టెంటు వేయించుకున్న ఒక పెద్దాయన ‘ఇక బిళ్లలు అక్కర్లేదు’ అన్న మాట నమ్మి స్టాటిన్ మానేసి సీసా పట్టుకున్నారు. తర్వాతి రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ మళ్లీ పాత అంకెకే చేరింది. ధమనులు గట్టిపడటాన్నీ, గుండె జబ్బులనూ నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అయినా అలాంటి కరపత్రాలు నేటికీ మన ఇళ్ల గుమ్మాల దాకా వస్తూనే ఉన్నాయి.

నన్ను అన్నింటికన్నా కలవరపెట్టేది దాపరికం. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ గానీ, క్లోపిడోగ్రెల్ గానీ వాడుతున్నవారు వెల్లుల్లి సారమో, గింకో అనే చెట్టు ఆకుల సారమో గాఢమైన మోతాదులో తీసుకుంటే రక్తస్రావం జరిగే ముప్పు పెరగవచ్చు. అయినా ఓపీకి వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైలు చంకలో పెట్టుకుని వెళ్తారు గానీ, ఆ సీసా ఊసు మాత్రం ఎత్తరు. తిడతారన్న భయం కొంత కారణమైతే, ‘అది మందు కాదుగా’ అన్న ధీమా మిగిలిన కారణం. డాక్టర్లు కూడా ‘ఇంకేమైనా వాడుతున్నారా’ అని ముక్తసరిగా అడగకుండా, కషాయాలనూ, చూర్ణాలనూ పేరుపేరునా అడిగితే సగం నిజమైనా బయటపడుతుంది.