‘గెయిన్ ఫుల్లు తిప్పు, ఇల్లు అదురుతది’: ఈ సలహాతో కోన్లు ఎందుకు పోతున్నాయి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల దిక్కు హోం థియేటర్ పెట్టుకునేవాళ్ల ఫోన్లలో ఒక సలహా తిరుగుతోంది. ఒక్కో చోట మాటలు కొంచెం మారినా సారం మాత్రం ఇదే:

“అన్నా, సినిమా బాస్‌కు ఇల్లు అదరాలంటే 15 ఇంచుల డీజే స్పీకర్ వెయ్యి. 5000 వాట్ల బోర్డు పెట్టు. గెయిన్ ఫుల్లు తిప్పి, రిసీవర్‌ల సబ్ లెవెల్ ప్లస్ 10 పెట్టు. బాక్స్ మూలకు నెట్టు. గోడలకు ఫోమ్ కొడితే పక్కింటికి వినపడదు. టపటప అంటే వైర్ లూజ్ అన్నట్టు, భయపడకు.”

(సబ్ అంటే బాస్ మాత్రమే వాయించే సబ్‌వూఫర్. బోర్డు అంటే దాన్ని నడిపే ఆంప్లిఫయర్. గెయిన్ అంటే ఆ ఆంప్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్. రిసీవర్ అంటే అన్ని స్పీకర్లకూ శబ్దం పంచే పెట్టె.) ఇందులో సగం నిజం ఉన్నది ఒక్క మూల సంగతిలోనే. మిగతావి పాటించినవాళ్లు ముందో వెనకో రీకోనింగ్ షాపుకు, అంటే పాడైన కోన్, కాయిల్ మార్చే చోటుకు పోవాల్సిందే.

“15 ఇంచుల డీజే స్పీకర్ వెయ్యి”

చూడాల్సింది ఇంచులు కాదు, కోన్ (స్పీకర్ ముందు ఊగే గిన్నెలాంటి భాగం) ఒక్కసారి ఎంత గాలిని నెడుతుందన్నది. కోన్ వైశాల్యాన్ని అది ముందుకు కదిలే దూరంతో గుణిస్తే ఆ లెక్క వస్తుంది. 15 ఇంచుల కోన్ వైశాల్యం సుమారు 810 చదరపు సెంటీమీటర్లు. అగ్గువకు దొరికే డీజే స్పీకర్ ఒక వైపు 4 మిల్లీమీటర్లు కదిలితే నెట్టే గాలి 324 సీసీ. 12 ఇంచుల హోం థియేటర్ డ్రైవర్ (బాక్స్‌లో బిగించే స్పీకర్) వైశాల్యం 480 చదరపు సెంటీమీటర్లే అయినా, ఒక వైపు 10 మిల్లీమీటర్లు కదిలే రకమైతే 480 సీసీ నెడుతుంది. చిన్నదే పెద్దదాన్ని ఒకటిన్నర రెట్లు మించింది.

బరాత్‌లో అదే 15 ఇంచుల బాక్స్ గుండెలు అదరగొడుతుంది కదా అంటే, అవును, కొడుతుంది. తీన్మార్ పాటల బాస్ చాలావరకు 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) పైనే ఉంటుంది. సినిమాలో భూకంపం, పేలుడు, కొండ విరిగిపడే సీన్లు 30 కిందికి, ఒక్కోసారి 20 కిందికి దిగుతాయి. అదే శబ్ద స్థాయిలో ఫ్రీక్వెన్సీ సగమైతే కోన్ నాలుగింతలు కదలాలి. 40 హెర్ట్జ్ దగ్గర 3 మిల్లీమీటర్లు కదిలిన కోన్ 20 దగ్గర అంతే శబ్దం ఇవ్వాలంటే 12 కదలాలి. డీజే స్పీకర్‌కు ఆ ప్రయాణమే లేదు.

పోర్టు, అంటే గాలి పోయే గొట్టం, ఉన్న బాక్స్‌లో ఇంకో చిక్కు ఉంది. పోర్టు ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అయిందో దాని కింద బాక్స్‌లోని గాలి కోన్‌ను పట్టి ఆపదు. శబ్దం ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డీబీ (డెసిబెల్స్) చొప్పున పడిపోతుంటే, కోన్ మాత్రం విచ్చలవిడిగా ఊగుతుంది. 45 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన డీజే బాక్స్‌కు 25 హెర్ట్జ్ సీన్ ఇస్తే జరిగేది ఇదే: చెవికి ఏమీ రాదు, డ్రైవర్ మాత్రం దెబ్బతింటుంది. సీల్డ్ బాక్స్ (పోర్టు లేకుండా మూసేసింది) ఆక్టేవ్‌కు 12 డీబీయే పడుతుంది, లోపలి గాలి స్ప్రింగులా కోన్‌ను వెనక్కి లాగుతుంది. అందుకే చిన్న గదికి, సినిమాకు సీల్డ్ బాక్స్‌లో తప్పులు తక్కువ.

పోర్టు బాక్సే కావాలంటే సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ లోతు ఫ్రీక్వెన్సీలను కోసేది) లేకుండా పెట్టకూడదు. 25 హెర్ట్జ్‌కు ట్యూన్ అయిన బాక్స్‌కు 20–22 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కు 24 డీబీ కోత పెట్టాలి. బజార్లో దొరికే బోర్డుల్లో ఈ ఫిల్టర్ చాలా వాటికి ఉండదు. దానికి బదులు ‘బాస్ బూస్ట్’ అని ఒక నాబ్ ఉంటుంది, అది చేసేది సరిగ్గా దీనికి ఎదురు పని. ఆంప్ ముందు మినీడీఎస్పీ 2×4 హెచ్‌డీ లాంటి డీఎస్పీ (శబ్దాన్ని డిజిటల్‌గా దిద్దే పెట్టె) పెడితే ఫిల్టర్, ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే సర్దుబాటు) రెండూ ఒకే చోట కుదురుతాయి.

పోర్టుకు 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేయడం ఇంకో అలవాటు. 25 హెర్ట్జ్ దగ్గర 480 సీసీ గాలి దాని గుండా పోవాలంటే వేగం సెకనుకు 16 మీటర్లు దాటుతుంది. పోర్టు ‘బుస్’మనేది అందుకే. 110 పైపు వేస్తే వేగం దాదాపు సగమవుతుంది. కానీ అదే ట్యూనింగ్ రావాలంటే పైపు పొడవు రెండింతలకు పైగా పెంచాలి, బాక్స్ లోపల మోచేయి వంపు పెట్టాల్సి రావచ్చు. పొడవు పెంచకుండా పైపు మాత్రం మారిస్తే ట్యూనింగ్ పైకి పోతుంది, మొదటికే మోసం.

“5000 వాట్ల బోర్డు పెట్టు”

ఆ 5000 పీఎంపీఓ. అట్ట డబ్బా మీద తప్ప ఎక్కడా ఉండని వాట్లవి. మూత తీసి ట్రాన్స్‌ఫార్మర్ చూస్తే చాలు. 12-0-12, 5 ఆంపియర్లు అని ఉంటే మొత్తం 24 × 5 = 120 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). అందులో వేడికి పోగా స్పీకర్‌కు నిలకడగా చేరేది 70 వాట్ల చుట్టుపక్కలే. లోపల ఒక్క 4440 ఐసీ (ఆంప్ చిప్) ఉంటే దాని రెండు ఛానళ్లనూ కలిపి బ్రిడ్జ్ చేసినా 19 వాట్లు.

నిజం వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డీబీ. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు కావాలి. పైగా కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) 150 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం 60 శాతం దాకా పెరుగుతుంది, అప్పుడు ఆంప్ ఇచ్చే శక్తి తగ్గిపోతుంది. గంట సినిమా తర్వాత బాస్ మెత్తబడిందని నాబ్ ఇంకొంచెం తిప్పడం ఎందుకు ప్రమాదమో దీంతో తెలుస్తుంది.

కరెంటు సంగతి కూడా ఇక్కడే. సాయంత్రం లోడ్ మీద 230 వోల్టులు 190కి పడితే, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్ శక్తి మూడో వంతు తగ్గుతుంది. అంటే పోయేది 2 డీబీ కూడా కాదు. కానీ ఆ తగ్గిన హద్దులోనే వెనకటి వాల్యూమ్‌కు వాయిస్తే ఆంప్ క్లిప్ అవుతుంది, అంటే శబ్దం అల కొనలు తెగిపోతాయి. హమ్ (కరెంటు గుయ్యిమనే మోత) పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. ఆ పని ఎవ్వరూ చేయొద్దు.

“గెయిన్ ఫుల్లు, సబ్ లెవెల్ ప్లస్ 10”

ఎల్ఎఫ్ఈ ఛానల్ (సినిమా ట్రాక్‌లో లోతు బాస్‌కే ఉన్నది) మిగతా వాటికంటే 10 డీబీ ఎక్కువ వాయించేలా ముందే కట్టి ఉంటుంది. రెఫరెన్స్ వాల్యూమ్‌లో, అంటే రిసీవర్ 0 చూపినప్పుడు, కూర్చున్న చోట మామూలు ఛానల్ పీక్ 105 డీబీ, ఎల్ఎఫ్ఈ పీక్ 115. దాని మీద ఇంకో 10 ఎక్కిస్తే 125 అడుగుతున్నట్టు. పైన చెప్పిన 12 ఇంచుల సీల్డ్ డ్రైవర్ ఆరుబయట నేల మీద పెట్టి వాయిస్తే, ఒక మీటరు దూరంలో 20 హెర్ట్జ్ దగ్గర ఇవ్వగలిగేది 94 డీబీ. అక్కడి నుంచి 115కు పోవాలంటే 11 రెట్ల గాలి కావాలి. గది కొంత సాయం చేస్తుంది కానీ అంత చేయదు. ఇలాంటివి రెండు పెట్టి, ఎల్ఎఫ్ఈ పీక్ 100కు దిగేలా వాల్యూమ్ మైనస్ 15 దగ్గర ఉంచుకుంటే అది పొందికైన లెక్క.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. సబ్ వెనక క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింది బాస్ సబ్‌కు పోవాలో చెప్పే హద్దు) నాబ్‌ను చివరికి తిప్పండి, లేదా ఎల్ఎఫ్ఈ స్థానంలో పెట్టండి. గెయిన్ సగంలో ఉంచండి. రిసీవర్‌లో మిగతా స్పీకర్లను ‘స్మాల్’ చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్, ఎల్ఎఫ్ఈ లోపాస్ (ఎల్ఎఫ్ఈ పై హద్దు) 120 పెట్టండి. ఆటో కాలిబ్రేషన్ (రిసీవర్ మైకుతో తానే కొలుచుకునే పని) నడిపాక సబ్ ట్రిమ్ (సబ్‌కు రిసీవర్ పెట్టిన లెవెల్) ఎంత వచ్చిందో చూడండి. మైనస్ 12 లాంటి చివరి అంకె వస్తే గెయిన్ తగ్గించి మళ్లీ నడపాలి, అక్కడ రిసీవర్ చేతులెత్తేసిందని అర్థం. సున్నా దాటితే గెయిన్ పెంచాలి. మైనస్ 8, మైనస్ 3 మధ్య ఆగితే మంచిది. ఆ తర్వాత రుచికి 3 డీబీ పెంచుకున్నా ట్రిమ్ సున్నా దాటనీయకండి, దాటితే కొన్ని రిసీవర్ల సబ్ అవుట్‌పుటే క్లిప్ అవుతుంది. ఫోన్ యాప్‌తో ఈ కొలత తీస్తే తక్కువ చూపించే అవకాశం ఎక్కువ, ఫోన్ మైకులకు లోతు బాస్ సరిగా అందదు.

ఇంత చేసినా ‘ఇల్లు అదరట్లేదు’ అనిపిస్తే కారణం నేల కావచ్చు. మన దిక్కు ఇళ్లలో షాబాద్ బండలో గ్రానైటో గట్టి నేల మీద పరిచి ఉంటాయి. చెక్క నేల లాగా అవి ఊగవు. ఆ అదురు కోసం గెయిన్ తిప్పడం దండగ. సోఫా ఫ్రేముకు బాస్ షేకర్ (బాస్‌కు సోఫానే ఊపే పరికరం) ఒకటి బోల్టు చేసుకుంటే పని తక్కువ వాల్యూమ్‌లోనే అవుతుంది. అదిరేవి వేరే ఉంటాయి: గూట్లో స్టీలు గిన్నెలు, బీరువా తలుపు, కిటికీ అద్దం, పైన రేకులు. 20 నుంచి 80 హెర్ట్జ్ వరకు టోన్ మెల్లగా నడిపిస్తూ ఒక్కోదాన్ని చేత్తో పట్టి చూడండి, దొరికిపోతాయి.

“మూలకు నెట్టు”

ఇదే ఆ సగం నిజం. పక్కన గోడ ఒక్కోటి లోతు బాస్‌ను 6 డీబీ దాకా పెంచగలదు, కోన్‌కు ఆ మేరకు శ్రమ తగ్గుతుంది. కానీ మూలలో ఉన్న సబ్ గది మోడ్‌లన్నిటినీ (గోడల మధ్య అల నిలిచి మోగే ఫ్రీక్వెన్సీలను) లేపుతుంది. గది కొలతను అడుగుల్లో తీసుకుని 565ను దాంతో భాగించండి, ఆ ఫ్రీక్వెన్సీ వస్తుంది. 15×12 హాలు, 10 అడుగుల స్లాబు అయితే 38, 47, 57 హెర్ట్జ్ దగ్గర బాస్ ముద్దలు ముద్దలుగా మోగుతుంది. పొడవుకు సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆ 38 దాదాపు మాయం, అక్కడ గుంట పడుతుంది. ఆ గుంటను ఈక్యూతో పూడ్చలేరు. 10 డీబీ ఎత్తితే ఆంప్ పది రెట్లు కష్టపడుతుంది, గుంట మాత్రం గుంటగానే ఉంటుంది. ముద్దలను కోస్తే మాత్రం హెడ్‌రూమ్ (ఆంప్‌కు, డ్రైవర్‌కు వాడని బలం) మిగులుతుంది.

కుర్చీ వెనక గోడకు 5 అడుగుల దూరంలో వేసుకోండి. సబ్‌ను తాత్కాలికంగా ఆ కుర్చీలో పెట్టి, బాస్ నడుస్తుండగా గోడల వెంట వంగి తిరుగుతూ, సమంగా వినిపించిన చోట సబ్ పెట్టండి. రెండు సబ్‌లుంటే ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి. ఆ 38 హెర్ట్జ్ మోడ్‌ను అవి ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి. ఆడియో కంపెనీ హార్మన్‌లో టాడ్ వెల్టీ 2002లో చేసిన పనిలో కూడా ఎదురెదురు గోడల మధ్య స్థానాలు బాగా నిలిచాయి.

“గోడలకు ఫోమ్”

30 హెర్ట్జ్ అల పొడవు 11 మీటర్ల పైన. రెండించుల ఫోమ్‌కు అది కనపడను కూడా కనపడదు. ఫోమ్ తగ్గించేది మాటల ప్రతిధ్వనినే. గుడ్ల అట్టల గురించి చెప్పడానికి ఏమీ లేదు. పక్కింటివాళ్ల గోడ మీ గోడ ఒకటే అయితే రాత్రి పదింటికి సబ్ ట్రిమ్ 6 డీబీ తగ్గించడమే మందు.

“టపటప అంటే వైర్ లూజ్”

ఇది అన్నిటికంటే ఖరీదైన అబద్ధం. వైర్ లూజ్ అయితే తక్కువ వాల్యూమ్‌లో కూడా శబ్దం వచ్చి పోతుంటుంది, చిటపటమంటుంది. టపటప, ఠక్ ఠక్ అనేది లోతైన సీన్లో, పెద్ద వాల్యూమ్‌లోనే వస్తే అది కాయిల్ వెనక ప్లేటుకు గుద్దుకుంటున్న చప్పుడు. వెంటనే 6 డీబీ తగ్గించండి, సీను అయ్యేదాకా ఆగొద్దు. వార్నిష్ కాలినట్టు వాసన వస్తే ఆంప్ ఆపేయండి.

తర్వాత ఆంప్ ఆఫ్ చేసి, స్పీకర్ వైర్లు తీసి, రెండు చేతుల వేళ్లను కోన్ చుట్టూ సమంగా ఆనించి మెల్లగా నొక్కండి. గీరుకున్నట్టు తగిలితే కాయిల్ వంగింది. మల్టీమీటర్‌తో చూస్తే 4 ఓమ్‌ల స్పీకర్ 3.2 నుంచి 3.6 మధ్య చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ కాలింది లేదా తెగింది. కోన్ నొక్కినప్పుడల్లా అంకె ఎగిరితే కోన్‌కు వెళ్లే జడ తీగ తెగబోతోంది, దాన్ని మాత్రం ‘వైర్ లూజ్’ అనొచ్చు. రీకోన్ చేయించేటప్పుడు సబ్‌సోనిక్ ఫిల్టర్ కూడా పెట్టించుకోండి. అది లేకుండా బాక్స్ బిగిస్తే కొత్త కోన్ కూడా అదే సినిమాలో అదే సీనుకు పోతుంది.