దుమ్ము మీద పొడిగుడ్డ వేసే మహానుభావులకు ఒక మాట

పొద్దున్నే ఒక దృశ్యం చూసి కడుపు మండి ఇది రాస్తున్నాను. నిగనిగలాడే నల్ల ట్రక్కు. కొని ఏడాది కూడా అయి ఉండదు. రాత్రంతా బయట నిలబడినందువల్ల క్యాబిన్ మీద పలుచగా దుమ్ము పేరుకుంది. యజమాని వచ్చాడు, సీటు కింద నుంచి పాత బనియను ముక్క తీశాడు, ఒక్కసారి దులిపాడు, పసిపిల్లవాడి ఒళ్లు తుడిచినంత ప్రేమగా తలుపును గుండ్రంగా తుడవడం మొదలుపెట్టాడు. నాలుగడుగుల దూరంలో నిలబడిన నాకు పళ్లు జివ్వుమన్నాయి. బండిని శుభ్రం చేస్తున్నానని ఆయన అనుకుంటున్నాడు. నిజానికి గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

ఇది అతిశయోక్తి కాదు. దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది, ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ స్థానం 7. కిటికీ గాజు 5.5 దగ్గర ఆగిపోతుంది. గాజునే గీయగల రేణువును గుడ్డ కింద పెట్టి పెయింటు మీద నొక్కి తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఆ పెయింటు మందం ఎంతో తెలిస్తే ఎవరైనా చేయి వెనక్కి తీసుకుంటారు. ఇప్పటి బండ్లలో రేకు మీద తుప్పు నిరోధక పూత, దాని పైన రంగు పట్టుకోవడానికి వేసే ప్రైమరు, ఆపైన రంగు, అన్నింటికీ పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించవు. మెరుపంతా ఇచ్చే క్లియర్ కోటు వాటా అందులో 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మనం మురిసిపోయే ఆ అద్దంలాంటి పొర వెంట్రుక కన్నా సన్నం. అది తరిగేదే తప్ప పెరిగేది కాదు.

నేనేమీ పుట్టుకతో జ్ఞానిని కాదు. నా ముదురు నీలం ట్రక్కు కొన్న మొదటి ఏడాది నేనూ ఇంతే. ఒకే బకెట్టు, ఒకే స్పాంజి, బట్టల సబ్బు పొడి. చక్రాలు రుద్దిన స్పాంజితోనే బానెట్టు కూడా రుద్దేవాణ్ణి. బండి పగలు బాగానే కనిపించేది. ఒకరోజు రాత్రి టార్చి వెలుగులో కింద పడిన నట్టు వెతుకుతుంటే వెలుగు తలుపు మీద పడింది. దాని చుట్టూ సాలెగూడు! వేల సన్నని గీతలు, వెలుగును మధ్యలో పెట్టుకుని వలయాలుగా అల్లుకుని ఉన్నాయి. టార్చి పక్కకు జరిపితే గూడు కూడా దానితోపాటే జరిగింది. గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి, అందుకే అవి గుండ్రంగా కనిపిస్తాయి. ఆ గీతలు రోడ్డు పెట్టినవి కావు. నేను ప్రతి ఆదివారం శ్రద్ధగా కూర్చుని గీసినవి. తెల్ల బండ్లవాళ్లు నవ్వుకోవద్దు. మీకూ ఉన్నాయి, తెలుపు దాచిపెడుతోంది, అంతే.

అందుకే, మెరుపు కోసం పాలిష్ డబ్బాల వెంట పరుగెత్తేవాళ్లతో నాకు పేచీ. మెరుపు పోయేది కడిగేటప్పుడే. ఆ కడగడం సరిచేసుకోకుండా పాలిష్ పట్టడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

కడగడంలో మొదటి పని తాకకపోవడం. మొదట నీళ్లు, ఆ తర్వాత మళ్లీ నీళ్లు. ఎండిన బురద నానాలి, రేణువులు తమంతట తాము జారిపోవాలి. చక్రాలు, మడ్‌గార్డుల లోపలి భాగం ముందుగా వేరే బ్రష్షుతో, వేరే బకెట్టుతో ముగించాలి. ఆ తర్వాతే రెండు బకెట్లు, ఒకదానిలో షాంపూ నీళ్లు, మరొకదానిలో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ తొడుగును షాంపూలో ముంచి ఒక పలక, అంటే ఒక తలుపో బానెట్టో, తుడవాలి, ఉత్త నీళ్లలో జాడించి పిండాలి, మళ్లీ షాంపూలో ముంచాలి. పని ముగిశాక ఆ ఉత్త నీళ్ల బకెట్టు అడుగు చూడండి. ఒక పొర ఒండ్రు. ఒకే బకెట్టయితే అదంతా తిరిగి తలుపు మీదికే వెళ్లేది. పై నుంచి కిందికి రావాలన్నది అందరికీ తెలుసు, కానీ ట్రక్కుకు పైకప్పు ఒకటి ఉంటుందని మాత్రం ఎవరికీ గుర్తుండదు. కింద నిలబడితే కనిపించదు కాబట్టి పక్షి రెట్టలన్నీ అక్కడే నెలల తరబడి హాయిగా ఉంటాయి. స్టూలు వేసుకోండి. వేసుకునే ముందు బెల్టు, ఉంగరం, వాచీ తీసేయండి. బానెట్టు మీదికి వంగినప్పుడు బెల్టు బకిల్ చేసే గాయం చూస్తే గోరుతో గీరుకున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క సలహా విన్నా ఈ పోస్టు చదివిన శ్రమ దక్కినట్టే.

సబ్బు గురించి తగువు పెట్టుకోను. గిన్నెలు తోమే ద్రవంతో ఒకసారి కడిగితే పెయింటు ఊడిపోదు. కానీ అది పుట్టిందే జిడ్డు తీయడానికి, మీరు మెరుపు కోసం వేసిన వాక్స్, అంటే మైనం పూత, కూడా దాని కంటికి జిడ్డే. పైగా గుడ్డకూ పెయింటుకూ మధ్య ఉండాల్సిన జారుడు దానిలో తక్కువ. వాహనాల షాంపూ వాడండి, మూతెడు చాలు. నురుగు ఎక్కువైతే శుభ్రం ఎక్కువవుతుందన్నది భ్రమ.

ఎండలో కడగవద్దంటే చాదస్తం అంటారు. రేకు మీద అరచెయ్యి ఆన్చి చూడండి. చురుక్కుమంటే నీడకు జరపండి. వేడి రేకు మీద నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు మాత్రం అక్కడే తెల్లటి చుక్కలుగా మిగులుతాయి. వదిలేస్తే క్లియర్ కోటును కొరుకుతాయి. అందుకే తుడవడం ఆలస్యం చేయకూడదు. పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును తడి మీద పరిచి, మెల్లగా లాగితే చాలు. రుద్దితే మళ్లీ మొదటికే వస్తాం.

ప్రెషర్ వాషరు చేతికి రాగానే కొందరు యుద్ధానికి బయలుదేరినట్టు మారిపోతారు. మంచి యంత్రమే, కానీ నాజిల్‌ను కనీసం అడుగు దూరంలో ఉంచండి. రాయి తగిలి చిట్లిన చోట దగ్గరగా కొడితే చుట్టుపక్కల పెయింటు కూడా లేచిపోతుంది. స్టిక్కరు అంచులు, రేడియేటరు రెక్కలు, చక్రాల బేరింగు సీళ్లు, విద్యుత్ కనెక్టర్ల జోలికి అసలు వెళ్లవద్దు. అలాగే తలుపుల అడుగున నీళ్లు కారిపోయే చిన్న రంధ్రాలుంటాయి, అవి మట్టితో మూసుకుపోతే తలుపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయట ఎంత మెరిసినా ప్రయోజనం ఉండదు.

కడిగాక ఒక చిన్న పరీక్ష. పలుచని ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి బానెట్టు మీద నెమ్మదిగా జరపండి. కంటికి శుభ్రంగా ఉన్న చోట వేలికొసలకు గరుకు తగిలిందా? బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, చెట్టు జిగురు, తారు చుక్కలు పెయింటును పట్టుకుని కూర్చున్నాయన్నమాట. షాంపూకు లొంగవు. ఇనుప రజనుకు ప్రత్యేక ద్రవం ఉంది, కొట్టగానే ఊదారంగు ధారలు కారుతాయి, చూడటానికి భలే తమాషాగా ఉంటుంది. మిగిలినదానికి క్లే, అంటే బంకమట్టి ముద్దలాంటిది, పలకను బాగా తడిపి దానితో తేలికగా పామాలి. ముద్ద నేల మీద పడితే కడిగి వాడుకుందామని చూడకండి, పారేయండి. దానికి అంటుకున్న ఇసుక బయటికి రాదు.

ఇక పాలిష్. నా సొంత పరాభవం చెప్పుకోవాల్సింది ఇక్కడే.

సాలెగూడు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఒకే చోట గిర్రున తిరిగే రోటరీ యంత్రం ఒకటి అరువు తెచ్చుకుని, బానెట్టు మీద పాలిష్ మందు వేసి మొదలుపెట్టాను. మధ్యభాగం అద్దంలా వచ్చింది. పొగరెక్కింది. అదే ఊపులో అంచు దగ్గర, రేకు మడత తిరిగే చోట, ఒక్క రెండు క్షణాలు ఎక్కువ ఆగాను. నీలంలో బియ్యపుగింజ సైజులో బూడిదరంగు చుక్క కనిపించింది. మరకేమో అనుకుని తుడిచాను. పోలేదు. అది ప్రైమరు. అంచుల్లో పెయింటు మామూలుగానే పలుచగా ఉంటుంది, యంత్రం ఒత్తిడి కూడా అక్కడే కేంద్రీకృతమవుతుంది, రోటరీ పుట్టించే వేడి దానికి తోడు. ఇవన్నీ ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. అంచులకు టేపు అతికించుకోవాలన్న సంగతి కూడా ఆ తర్వాతే.

పాలిష్ గీతను నింపదు. గీత అడుగు మట్టానికి వచ్చేదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీస్తుంది. అందుకే గోరు పరీక్ష చేయండి. గీత మీద అడ్డంగా గోరు జరిపితే చిక్కుకుంటే అది పాలిష్‌కు పోయే లోతు కాదు, దానితో సహజీవనం నేర్చుకోండి. చిక్కుకోకపోతే అన్నింటికన్నా సున్నితమైన మందుతో, మెత్తని స్పాంజి ప్యాడుతో, చేయి తిరగనివాళ్లు గుండ్రంగా తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ యంత్రంతో, ముందు ఒక చిన్న చదరం మీద చేసి చూడండి. అది చాలితే ఘాటైన మందు ముట్టుకోవద్దు. కొన్ని పాత ట్రక్కులకూ, పని బండ్లకూ క్లియర్ కోటే ఉండదు. ప్యాడుకు బండి రంగు అంటుకుంటే కంగారు పడకండి, అది ఆ రకం పెయింటు. అయితే అక్కడ మీరు అరగదీస్తున్నది రంగునే అని గుర్తుంచుకోండి. ఏటేటా ముచ్చటపడి పాలిష్ పట్టేవాళ్లను చూస్తే, పెన్సిల్‌ను ఊరికే చెక్కుకుంటూ కూర్చునే పిల్లలు గుర్తొస్తారు.

పెన్సిల్ అంటే గుర్తొచ్చింది. పెయింటు మీద రక్షణగా పూసే సిరామిక్ కోటింగ్ సీసాల మీద 9హెచ్ అని రాస్తారు. అమ్మేవాళ్లు అది వజ్రానికి తమ్ముడన్నట్టు చెబుతారు. 9హెచ్ అన్నది పెన్సిల్ గట్టిదనం. అంత గట్టి పెన్సిల్‌తో గీసినా ఆ పూత మీద గీత పడలేదని మాత్రమే దాని అర్థం. మోస్ స్కేలుకూ దానికీ సంబంధం లేదు. మీ బండి మీద పడేది పెన్సిల్ కాదు, ఇసుక. కోటింగ్ మంచిదే, నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, బాగా వేస్తే ఏళ్లు ఉంటుంది. కానీ రాళ్ల దెబ్బ ఆపదు, దానికి మందమైన పాలీయురేథేన్ ఫిల్మ్ కావాలి. పైగా కింద గీతలుంటే వాటిని కూడా భద్రంగా సీలు వేసి దాచిపెడుతుంది. నాకు వాక్సే ఇష్టం. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం, కొన్ని వారాలు, మహా అయితే రెండు నెలలు నిలుస్తుంది. వేయడానికి సగం రోజు పడుతుంది, కానీ ఆ సగం రోజులో బండిని అంగుళం అంగుళం చూస్తాను. టార్పాలిన్ తాడు గాలికి కొట్టుకుని ఒరిపిడి పెట్టిన చోటు, రాయి తగిలి చిట్లిన చోటు అప్పుడే కంటపడతాయి. చిట్లిన చోట వెంటనే టచప్ పెయింటు చుక్క పెడితే తుప్పు మొదలవదు.

“ఇది బరువులు మోసే బండి, ప్రదర్శనకు పెట్టేది కాదు, ఇంత చాదస్తం ఎందుకు” అని అడిగేవాళ్లున్నారు. సరే, లోడు వేసే తొట్టి లోపల నేనూ పాలిష్ పట్టను, పట్టేవాళ్లను చూసి నవ్వుతాను. కానీ పొడిగుడ్డతో రుద్దకుండా ఉండటానికి ఏ శ్రమా అక్కర్లేదు కదా! రుద్దడం మానేయమంటున్నాను, అంతే. దుమ్ము పట్టిందా, ఉండనివ్వండి, కూర్చున్న దుమ్ము గీతలు పెట్టదు. పక్షి రెట్ట పడితే మాత్రం ఆ రోజే, తడిపిన గుడ్డను దాని మీద కాసేపు ఉంచి, నానాక ఎత్తేయండి. గీకితే అందులోని గింజలే గీతలు పెడతాయి.

ఏ కంపెనీ సరుకు వాడతావని కింద అడగబోయేవాళ్లు ముందు మీ గుడ్డలు ఎక్కడున్నాయో చూసుకోండి. నావి మూతపెట్టిన డబ్బాలో ఉంటాయి, నూలు బట్టలతో కలపకుండా, ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేయకుండా విడిగా ఉతుకుతాను. మొన్న మా తమ్ముడు ఇంజన్ ఆయిలు చూడటానికి బానెట్టు ఎత్తి, డిప్‌స్టిక్ తుడవడానికి చేతికందిన మెత్తని గుడ్డ ఒకటి లాక్కున్నాడు. “అన్నయ్యా, ఈ గుడ్డ భలే పీలుస్తోంది” అన్నాడు, మెచ్చుకోలుగా. నా కొత్త తువ్వాలు అది. ఇప్పుడు చక్రాల బకెట్టులో ఉంటోంది.