సెప్టెంబరు ఖాళీకి ఏప్రిల్‌లో మందు లేదు

డాలస్ చుట్టుపక్కల మన ఇళ్లలో ఏటా ఏప్రిల్‌లో ఒకటే వాదన: మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ లైన్‌లో ఖాళీ ఉంటే, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో లైన్‌మన్‌నే తియ్యాలా, లేక ఏ స్థానమైనా సరే, ఉన్నవాళ్లలో మేటిని తియ్యాలా? నా ఓటు రెండోదానికే. అవసరం చూడొద్దని కాదు. చూడాల్సింది సీజన్ మొదలయ్యే ఈ సెప్టెంబరు అవసరం కాదు, రెండేళ్ల తర్వాతిది.

లైన్ అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు కాపలాగా నిలిచే ఐదుగురు: మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో ట్యాకిల్స్. 2024 సంగతే తీసుకోండి. మార్చిలో ఎడమ ట్యాకిల్ టైరన్ స్మిత్ జెట్స్‌కి, సెంటర్ బియాడాష్ కమాండర్స్‌కి వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో 24వ పిక్ (ఎంచుకునే వంతు) ఇచ్చి, 29వదీ అదనంగా 73వదీ తెచ్చుకున్నారు. బేరం బాగానే ఉంది. కానీ 29లో తీసిన టైలర్ గైటన్ ఓక్లహోమాలో కుడి ట్యాకిల్, ఇక్కడి ఖాళీ ఎడమవైపు. కుడి ట్యాకిల్ కుడికాలు వెనక పెట్టి, స్నాప్ (సెంటర్ బంతిని వెనక్కి అందించడం) కాగానే దాంతోనే వెనక్కి జరుగుతాడు. ఎడమకి మారితే కాళ్లూ, నడుమూ, ముందు చాచే చెయ్యీ అన్నీ తలకిందులు. అడుగు ఆలస్యమైతే ఎదుటివాడు పక్కనుంచి దూరిపోతాడు, అప్పుడు చొక్కా పట్టుకోక తప్పదు. మొదటి ఏడాది గైటన్ మీద పడ్డ పెనాల్టీల్లో ఆశ్చర్యమేముంది? పైగా సీజన్ మొదలయ్యాక ప్యాడ్స్‌తో సాధనకు నిబంధనలు 14 సార్లే ఒప్పుకుంటాయి. లైన్‌మన్ నేర్చుకునేది ఒంటికి ఒళ్లు తగిలినప్పుడే. దప్పికేసినప్పుడు బావి తవ్వితే జరిగేది ఇదే.

2014లో ఇదే జట్టు సరిగ్గా చేసింది. అంతకుముందు ఏడాది ఎదుటివాళ్లకు వదిలిన గజాల లెక్కలో లీగ్ మొత్తంలో అట్టడుగున ఉన్నది వీళ్ల డిఫెన్స్. అయినా 16లో లైన్‌మన్ జాక్ మార్టిన్‌ను తీశారు. నోటర్‌డామ్‌లో ఎడమ ట్యాకిల్ అయినా చేతులు 33 అంగుళాలు కూడా లేవు, ట్యాకిల్‌కి 34 ఉండాలంటారు. అందుకే గార్డ్‌గా దించారు. ఆ ఏడాది ఆ లైన్ వెనక బంతి పట్టుకుని డిమార్కో మర్రీ 1,845 గజాలు పరుగెత్తాడు.

ఫిలడెల్ఫియాది ఇంకా ముందుచూపు. 2022లో సెంటర్ కెల్సీ ఇంకా ఆడుతుండగానే 51లో సెంటర్ క్యామ్ జర్గెన్స్‌ను తీశారు. 2023లో గార్డ్‌గా ఆడించారు, కెల్సీ తప్పుకున్నాక 2024లో సెంటర్‌గా నిలబెట్టారు. ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచారు.

సిన్సినాటి మాటేమిటని అడుగుతారు. 2021లో ట్యాకిల్ సూవెల్‌ను కాదని, బంతి అందుకునే జమార్ చేజ్‌ను తీసినందుకు క్వార్టర్‌బ్యాక్ బర్రో లీగ్ దశలో 51 సార్లు శాక్ అయ్యాడు (బంతి విసరకముందే పడిపోయాడు), ఆ తర్వాత నాకౌట్లలో టెనెసీలో 9, సూపర్ బౌల్‌లో 7. నిజమే, కానీ అక్కడిదాకా వెళ్లడంలో చేజ్ చెయ్యి చాలా ఉంది. తప్పు రెండో పిక్‌లో జరిగింది. ఖాళీ నింపాలన్న ఆత్రంలో 46లో కాలేజీ ట్యాకిల్ కార్మన్‌ను గార్డ్‌గా మారుద్దామని తీస్తే అతను కుదురుకోలేదు. 63 దాకా మిగిలిన సెంటర్ క్రీడ్ హంఫ్రీ కాన్సస్ సిటీ పాలయ్యాడు.

ధర కూడా చూడాలి. మొదటి రౌండ్ ఆటగాణ్ణి ఐదో ఏడాదికీ అట్టిపెట్టుకునే ఆప్షన్ జీతం లెక్కలో ట్యాకిల్, గార్డ్, సెంటర్ అందరూ ఒకే గాటన పడతారు. సెంటర్‌కీ ట్యాకిల్ రేటే. అందుకే బాల్టిమోర్ తన సెంటర్ లిండర్‌బామ్ అంతటివాడి ఆప్షన్ కూడా వదులుకుంది. సెంటరే కావాలంటే 2013లో ఫ్రెడరిక్ కోసం కౌబాయ్స్ చేసినట్టు 18 నుంచి 31కి దిగి, మరో పిక్ రాబట్టుకోవాలి. అప్పట్లో నవ్వినవాళ్లు తక్కువేం కాదు!

నేనైతే ఈ సెప్టెంబరు ఖాళీకి మార్చిలోనే ఏడాది ఒప్పందం మీద అనుభవజ్ఞుణ్ణి తెస్తాను, మెరుపులు లేకపోయినా పర్లేదు. ఎనిమిదిమంది లైన్‌మన్లు ఉంటే ఆటరోజు 47 బదులు 48 మందిని దించొచ్చు. ఆ ఆరు, ఏడు, ఎనిమిదో కుర్చీలు నేర్చుకునే కుర్రాళ్లవి. రెండేళ్లలో ఎవరి ఒప్పందం ముగుస్తుంది, ఎవరికి ముప్ఫై దాటుతుంది అని చూసి ఆ కుర్చీలు నింపాలి. ఇద్దరి గ్రేడూ సమానమైతే ఖాళీ చూడండి. రౌండంత తేడా ఉంటే చూడొద్దు.

2024లో తెచ్చుకున్న ఆ 73వ పిక్‌తో తీసిన కూపర్ బీబీ కాలేజీలో గార్డ్. మార్టిన్‌కు ఆ నవంబరులో 34 నిండుతాయి, వారసుడు చేతిలోనే ఉన్నాడు. కానీ సెంటర్ ఖాళీగా ఉందని బీబీని అక్కడికి లాగారు. మార్టిన్ రిటైరయ్యాక, 2025లో గార్డ్ కోసం ఏకంగా 12వ పిక్ పెట్టాల్సి వచ్చింది.