రేడియో ముల్లు గారికి బహిరంగ లేఖ

ముల్లు గారికి నమస్కారాలు.

అటక మీద ఇత్తడి బిందెకీ పాత పంచాంగాల కట్టకీ మధ్య ఇన్నేళ్లుగా కునుకు తీస్తున్న మిమ్మల్ని లేపాను, ఏమీ అనుకోకండి. అవసరం నాది. డిసెంబరు 1 వస్తోంది. 1948లో ఆ రోజునే కదా విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. ఆ సందర్భంగా మా వాకింగ్ బ్యాచ్ వాళ్లు నన్ను మాట్లాడమన్నారు. ‘రసజ్ఞ శ్రోత’ అని వాట్సాప్‌లో కార్డు కూడా వేశారు. సంబరంగా ఒప్పేసుకున్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది, నా రసజ్ఞత కళ్లారా చూసిన సాక్షి అటక మీద ఉందని.

కాబట్టి నేను చెప్పబోయేదేమిటో మీకు ముందే విన్నవిస్తున్నాను. కాస్త సర్దుకుపోండి.

అప్పటికి మనది మద్రాసు రాష్ట్రం. రేడియోలో తెలుగు మాట వినాలంటే, 1938 నుంచీ మద్రాసు కేంద్రమే దిక్కు. నిజాం గారి డెక్కన్ రేడియో సంగతి వేరు. కృష్ణ ఒడ్డున మనకంటూ ఓ గొంతు వచ్చింది అప్పుడే, అని మొదలెడతాను. ఇక్కడిదాకా మీకు అభ్యంతరం ఉండదు.

తర్వాత గాయకుడు బాలమురళీకృష్ణ గారి దగ్గరికొస్తాను. ఆయన చెయ్యిపడిన పొద్దుటి భక్తిపాటల కార్యక్రమం ‘భక్తిరంజని’తోనే మా ఇల్లు నిద్రలేచేదంటాను. లేచింది బామ్మ. నేను దుప్పటి చెవుల మీదికి లాక్కుని, ‘బామ్మా, కాస్త తగ్గించవే’ అని అరిచేవాణ్ణి. ఇది మీరు విన్నారు. మరిచిపోండి.

రేడియోలో రామాయణం చెప్పిన ఉషశ్రీ గారి దగ్గర మాత్రం నాకు అబద్ధంతో పని లేదు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కంచు గొంతు లేచిందంటే వంటింట్లో అమ్మ పోపు ఆపేసేది. ఆవాల చిటపటలో ఒక్క మాట పోయినా బామ్మ ఊరుకోదు మరి. హనుమంతుడు సముద్రం దాటేదాకా పప్పు తిరగమోత లేకుండా అలాగే కూర్చునేది. బామ్మ అయితే సెట్టుకు ఎదురుగా చేతులు జోడించి, కాళ్లు ముడుచుకుని కూర్చునేది. రేడియోకి కాళ్లు చాపకూడదట. ఆ అరగంట మీరు విజయవాడ కేంద్రం పలికే 837 అంకె మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. నేనూ కదల్లేదు.

చిక్కంతా సంగీత విద్వాంసులు ఓలేటి వెంకటేశ్వర్లు గారితో. రేడియోలో పాట నేర్పే ‘సంగీత శిక్షణ’లో ఆయన ఒక పంక్తి పాడతారు. శిష్యులు పాడతారు. ఎక్కడో గమకం జారుతుంది. ఆయన విసుక్కోకుండా మళ్లీ పాడతారు. ఆ ‘మళ్లీ’ దగ్గర నా చెయ్యి రేడియో మర మీదికి పోయేది. షార్ట్ వేవ్ బటన్ టక్కుమనేది. మీరు అద్దం వెనక గరగరలూ ఈలలూ దాటుకుంటూ పరుగెత్తి, సినిమా పాటలు వేసే రేడియో సిలోన్ దగ్గర ఆగేవారు. పల్లవి వినిపించేది, చరణం సముద్రంలో కలిసిపోయేది. సందు చివర నాన్న సైకిల్ బెల్లు వినపడగానే మళ్లీ వెనక్కి పరుగు. ఆయన లోపలికొచ్చేసరికి నేను బాసిపట్టు వేసుక్కూర్చుని తాళం వేస్తుండేవాణ్ణి. ఆది తాళమో రూపకమో నాకే తెలీదు. నాన్న మురిసిపోయేవారు పాపం.

అయినా తప్పంతా నాదేనా? 1952లో కేంద్ర మంత్రి కేస్కర్ గారు సినిమా పాటను రేడియో గడప తొక్కనివ్వనంటే దేశం దేశమంతా సిలోనుకు వలసపోయింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి బతిమాలి వెనక్కి పిలవాల్సొచ్చింది. అప్పటికి నాన్న కుర్రాడు. ఆయన ముల్లు ఎక్కడ తిరిగేదో మీ పెద్దలెవరైనా చెబితే బావుండును.

రేడియోలో కార్యక్రమం కాసేపు ఆగితే ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అనేవారు, ఎంతో మర్యాదగా. అన్నిసార్లు ఓలేటి గారికి అంతరాయం కలిగించినవాణ్ణి, నేనెప్పుడూ చింతించలేదు. ఇప్పుడు మాత్రం ‘ఆ సంగీతం ఏదండీ ఈ రోజుల్లో’ అని పార్కులో అందరికంటే గట్టిగా అనేది నేనే. మా బ్యాచ్‌లో ఎవర్నడిగినా చిన్నప్పుడు కర్ణాటక సంగీతం తప్ప చెవిన పడనివ్వలేదంటారు. మరి సిలోనుకు కార్డు ముక్కలు రాసిందెవరో!

రజనీకాంతరావు గారి గురించీ చెబుతాను. వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న మనిషి మన కేంద్రానికి డైరెక్టరుగా కూర్చున్నారని, ఏ ఆఫీసుకు పడుతుంది ఆ భాగ్యమని. ఆ పుస్తకం పైకెత్తి చూపిస్తాను. మొన్ననే కొన్నాను, వాసన ఇంకా కొత్తగానే ఉంది. ఎవరూ దగ్గరికొచ్చి చూడకపోతే చాలు.

ఇక అసలు సంగతి. మీ సెట్టు నా పక్కన పెట్టి ఫోటో తీస్తామన్నారు. నిన్న దించి, దుమ్ము తుడిచి చూద్దును కదా, లోపల దారం తెగి మీరు సరిగ్గా సిలోన్ దగ్గరే ఆగిపోయి ఉన్నారు! ఎన్నేళ్లయినా ముద్దాయిని అక్కడే పట్టుకుని నిలబడ్డారన్నమాట. వెనక అట్ట విప్పి, చీపురు పుల్లతో మెల్లగా నెట్టుకుంటూ 837 దాకా తెచ్చాను. నొప్పి పెడితే క్షమించండి. షార్ట్ వేవ్ బటన్ మాత్రం లోపలికి దిగి తుప్పు పట్టిపోయింది, ఎంత నొక్కినా పైకి రావట్లేదు. దాని మీద చామంతి పువ్వు పెట్టాను.

ఇట్లు,
రసజ్ఞ శ్రోత,
సత్యనారాయణపురం, విజయవాడ.