ముందు మూడు పాటలు చెప్పు

హెవీ మెటల్ అనే రాక్ సంగీతాన్ని కంటికి రెప్పలా కాపాడుతున్న వర్గం ఒకటి ఈ లోకంలో ఉంది. వాళ్లకి జీతం లేదు, సెలవు లేదు, కాపాడమని అడిగినవాళ్లూ లేరు. ఎవరైనా ఒక బ్యాండ్ పేరున్న నల్ల టీషర్టుతో ఫొటో పెడితే చాలు, లేదా "ఫలానా ఆల్బమ్ మొదటిసారి విన్నాను, ఒళ్లు జలదరించింది" అని రెండు ముక్కలు రాస్తే చాలు, నిమిషాల్లో ప్రత్యక్షమైపోతారు. సంతోషం పంచుకోవడానికి కాదు. ఆ పిల్లో పిల్లాడో తర్వాత ఏం వినాలో చెప్పడానికీ కాదు. వాళ్ల నోట వచ్చేది ఒకటే మాట: "ముందు ఆ బ్యాండ్‌వి మూడు పాటలు చెప్పు."

ఇంత సేవ చేస్తున్నవాళ్లని ఇన్నాళ్లూ గాలికొదిలేయడం మన తప్పే. ఈ వ్యవహారాన్ని ఇకనైనా ఒక పద్ధతిలో పెట్టాలని నా విన్నపం. మెటల్ వినదలచినవారు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. రాతపరీక్ష, ఆపైన మౌఖికం. గట్టెక్కినవారికి రెండు ఆల్బమ్‌లు వినడానికి తాత్కాలిక అనుమతి. ఆరు నెలలు సత్ప్రవర్తన కనబరిస్తే మూడోది. టీషర్టు సీనియారిటీని బట్టి. తల ఊపడం పర్యవేక్షణలో మాత్రమే. "ఆ నెమ్మది పాట నాకు బాగా నచ్చింది" అన్నవాళ్ల లైసెన్సు అక్కడికక్కడే రద్దు, అప్పీలు లేదు.

నవ్వకండి. పరీక్ష ఎలాగూ జరుగుతూనే ఉంది. ఇప్పటికి మీరంతా చూసే ఉంటారు. ఒక అమ్మాయి రాస్తుంది: "మెటాలికా వాళ్ల మాస్టర్ ఆఫ్ పపెట్స్ ఆల్బమ్ నిన్న మొత్తం విన్నాను. టైటిల్ పాట మధ్యలో గిటార్లు నెమ్మదించే చోట ఏడుపొచ్చేసింది." అంతే, బోర్డు సమావేశమవుతుంది.

"ఈ పాట నీకెక్కడ తగిలింది?"

"స్ట్రేంజర్ థింగ్స్ సిరీస్ నాలుగో సీజన్‌లో అండీ."

బోర్డులో కలకలం. అధ్యక్షులవారు మంచినీళ్లు తాగి తేరుకుంటారు.

"ప్రొడ్యూసర్ ఎవరు?"

"తెలీదండీ."

"ఫ్లెమింగ్ రాస్ముసెన్. ఎక్కడ రికార్డు చేశారు?"

"అమెరికాలోనా?"

"కోపెన్‌హేగన్!" ఆ కేక వింటే కోపెన్‌హేగన్ ఆయన పిత్రార్జితమనిపిస్తుంది. "1986 మార్చిలో ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"అప్పటికి నేను పుట్టలేదండీ."

"అదీ సంగతి. రాసుకోండి. పుట్టకపోవడం."

రెండో సభ్యుడు గొంతు సవరించుకుంటాడు. "ఎల్పీ మీద విన్నావా, క్యాసెట్ మీదా?"

"ఫోన్‌లో."

కాసేపు ఎవరూ మాట్లాడరు. ఫోన్‌లో విన్నదాన్ని విన్నట్టు పరిగణించడానికి నిబంధనలు ఒప్పుకోవని మూడో సభ్యుడు బాధగా తెలియజేస్తాడు. "అయినా, ఇది థ్రాష్ అని నీకెవరు చెప్పారు?" అంటాడు నాలుగో ఆయన. థ్రాష్ అంటే మెటల్‌లో వేగంగా దూసుకుపోయే శాఖ. ఆ అమ్మాయి ఆ మాట అనలేదు. ఎవరూ అనలేదు. కానీ ఆ మాట పడగానే బోర్డు రెండుగా చీలిపోతుంది. అదే ఏడాది అక్టోబర్‌లో స్లేయర్ వాళ్లు అరగంట కూడా లేని రీన్ ఇన్ బ్లడ్ ఇచ్చారు, థ్రాష్ అంటే అదీ, ఎనిమిదేసి నిమిషాల పాటలు సోకు తప్ప మరేం కాదు అని ఒక పక్షం. మధ్యలో ఇంకొకాయన వెనమ్‌ని లాక్కొస్తాడు. 1982లో బ్లాక్ మెటల్ అని ఆల్బమ్ పెట్టి ఒక శాఖకే పేరిచ్చినవాళ్లు వెనమ్, కానీ వాళ్లది బ్లాక్ మెటల్ కాదని ఆయన వాదన. కాదనడానికి వీల్లేదని పక్కాయన. అమ్మాయి ఎప్పుడో వెళ్లిపోయింది. బోర్డు ఇంకా లేవలేదు.

ఈ పరీక్ష తప్పించుకునే ఉపాయం ఒకటి చెబుతాను, మీలో ఉంచుకోండి. ఏదైనా నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ టీషర్టు వేసుకోండి. వాళ్ల లోగోలు ఎలా ఉంటాయో తెలుసుగా, ముళ్లకంపకి సిరా పూసి బట్టకి అద్దినట్టు. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేసినవాడికి తప్ప తెలీదు. బ్యాండ్ పేరు చదవగలిగితే కదా మూడు పాటలు అడిగేది! పరీక్షకుడు మీ ఛాతీ వంక ఓసారి చూసి, చాలా గౌరవంగా తలూపి, పక్కకి తప్పుకుంటాడు.

మన పురాణాల్లోనూ ఇలాంటి ఉద్యోగులు ఉన్నారు. జయవిజయులు. వైకుంఠ ద్వారం దగ్గర సనకసనందనాదులు చిన్నపిల్లల్లా కనబడ్డారని లోపలికి పోనివ్వలేదు. ఫలితంగా మూడు జన్మలు రాక్షసులై పుట్టారు. ఇక్కడ చిక్కేమిటంటే, మన మెటల్ జయవిజయులకి ఆ శాపం పెట్టినా ఉపయోగం లేదు. రాక్షసుడై పుట్టడం వాళ్లకి శిక్ష కాదు, ఆల్బమ్ కవర్ మీద చోటు.

ఈ బోర్డులో అందరికంటే పైమెట్టు మీద కూర్చునేది డెమో పెద్దమనిషి. డెమో అంటే ఆల్బమ్‌కి ముందు బ్యాండ్ నమూనాగా చేసుకునే టేపు. ఆయన లెక్కలో ఏ బ్యాండూ మొదటి ఆల్బమ్ దాకా బతకలేదు. మెటాలికా గొప్పతనం 1982 నాటి నో లైఫ్ టిల్ లెదర్ డెమో టేపుతో ముగిసింది. 1984లో ఫేడ్ టు బ్లాక్ పాటలో అకౌస్టిక్ గిటార్ వినబడింది కాబట్టి అమ్ముడుపోయారు. 1991లో బ్లాక్ ఆల్బమ్ లోకమంతా కొనింది కాబట్టి మళ్లీ అమ్ముడుపోయారు. 1996లో జుట్టు కత్తిరించుకుని మూడోసారి అమ్ముడుపోయారు. 40 ఏళ్లుగా ఆ నలుగురూ అమ్ముడుపోతూనే ఉన్నారు. ఇంకా అమ్మడానికి ఏం మిగిలిందో ఆయనే చెప్పాలి.

సరే, ఆ డెమో టేపు సంగతే చూద్దాం. అది ఇంతమందికి ఎలా చేరింది? కంపెనీ వేసిందా? లేదు. ఒక అభిమాని ఖాళీ క్యాసెట్లోకి కాపీ చేసి, కవర్లో పెట్టి, మొహం కూడా ఎరగని ఇంకో అభిమానికి పోస్టులో పంపాడు. అతను ఇంకొకరికి పంపాడు. కాపీకి కాపీ తీసిన కొద్దీ పాట తగ్గి, టేపు బుస పెరిగింది. ఆ బుసలోనే పాట వెతుక్కుని విన్నారు. 1980ల మొదట్లో రేడియో పట్టించుకోని ఈ సంగీతం దేశాలు దాటింది అలాగే. అప్పుడెవరూ "టేపు పంపుతాను గానీ ముందు అర్హత పత్రం పంపు" అనలేదు. ఆ టేపుల వల్లే అభిమానిగా మారిన మనిషి ఈ రోజు గుమ్మానికి అడ్డంగా కర్ర పట్టుకు నిలబడ్డాడు.

అలాగని ఆల్బమ్‌ల గురించి గొడవపడొద్దని నేననను. గొడవే లేకపోతే ఇందులో మజా ఏముంది? 1988 నాటి మెటాలికా ఆల్బమ్ అండ్ జస్టిస్ ఫర్ ఆల్‌లో జేసన్ న్యూస్టెడ్ బేస్ గిటార్ ఎక్కడుందో నాలాంటివాళ్లు ఇప్పటికీ వెతుకుతున్నాం. అంతకు రెండేళ్ల ముందు స్వీడన్‌లో బస్సు బోల్తాపడి, వాళ్ల బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ పోయాడు, ఆ చోటులోకి వచ్చినవాడి వాయిద్యాన్ని మిక్సింగ్‌లో దాదాపు మాయం చేశారు. దీని మీద రాత్రంతా వాదించవచ్చు, వాదించాలి. 2008లో డెత్ మాగ్నెటిక్ వచ్చినప్పుడు, సీడీ కంటే గిటార్ హీరో వీడియో గేమ్‌లో ఉన్న పాటలే శుభ్రంగా ఉన్నాయని పట్టుకున్నది అభిమానులే. సీడీలో శబ్దాన్ని ఎంత బిగించేశారంటే అది చిట్లిపోయింది, గేమ్‌లో అంత బిగింపు లేదు. చెవులున్నవాళ్లు చేసే పని అది. అలాంటి ఒక చర్చ చదివితే ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచి వినాలనిపిస్తుంది. "మూడు పాటలు చెప్పు" అన్నది చదివి ఈ భూమ్మీద ఎవరైనా ఏదైనా విన్నారా?

అసలు ఈ రూల్ మొదట్నుంచీ ఉండుంటే ఏమయ్యేదో చూడండి. బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే 17 ఏళ్ల కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే రోజే, మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల చివర్లు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేవి ఆ వేళ్లే. ఇక గిటార్ లేదనుకుని కూర్చున్నాడు. ఫ్యాక్టరీ మేనేజర్ ఒకాయన ఇంటికొచ్చి ఒక రికార్డు ఇచ్చి వినమన్నాడు. జాంగో రైన్‌హార్ట్ వాయించింది, అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్నా జాజ్ గిటార్‌ని ఏలినవాడు. అయోమీ అది విని లేచాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు కట్టుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, అతని బ్యాండ్ బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్ వచ్చింది. మెటల్ మొదలైంది అక్కడే అంటారు. ఆ మేనేజర్ రికార్డు చేతిలో పెట్టే ముందు "ముందు జాంగోవి మూడు పాటలు చెప్పు" అని ఉంటే, మన పరీక్షకులు ఇవాళ ఏ గుమ్మం కాసేవారు?

పోనీ, అసలు సిసలు మెటల్ మనిషి ఎలా ఉండాలో వీళ్లకైనా తెలుసా అంటే, అదీ అనుమానమే. తోలు జాకెట్, ఇనుప మేకులు, గొలుసులు. "మగాడి సంగీతం" అని రొమ్ము విరుచుకునేవాళ్లంతా ఒంటి మీద వేసుకునే ఈ యూనిఫాం 1970ల చివర్లో జూడాస్ ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ స్థిరం చేసింది. ఆయన తాను గే అని 1998లో టీవీలో చెప్పాడు. అంతకాలం ఆ మాట మనసులో దాచుకుని, ఇదే గుంపు ముందు నిలబడి పాడాడు. ఎవరు లోపలివాళ్లో ఎవరు బయటివాళ్లో తేల్చే పెద్దలు, ఆయన వార్డ్‌రోబ్ తొడుక్కుని తీర్పులు చెబుతున్నారు.

ఈ పరీక్షకి ఎక్కువగా ఎవరిని నిలబెడతారో కూడా చెప్పుకుందాం. అమ్మాయిల్ని. అదే టీషర్టు అబ్బాయి వేసుకుంటే "తమ్ముడూ, సూపర్" అంటారు. అమ్మాయి వేసుకుంటే వెంటనే ప్రశ్నపత్రం బయటికొస్తుంది, ఆ టీషర్టు ఏ కుర్రాడిదో అని ఒక వెకిలి అనుమానం కూడా దాని వెంట వస్తుంది. 1978లో మొదలైన, అందరూ అమ్మాయిలే ఉన్న బ్యాండ్ గర్ల్‌స్కూల్ ఎవరు మరి? 1981లో మోటర్‌హెడ్‌తో కలిసి చేసిన రికార్డును బ్రిటన్ చార్టులో ఐదో స్థానానికి తీసుకెళ్లినవాళ్లు. డెత్ మెటల్ బ్యాండ్ బోల్ట్ థ్రోయర్‌లో 1987 నుంచి, 2016లో ఆ బ్యాండ్ ముగిసేదాకా, ఆ భూకంపం లాంటి బేస్ ఎవరిది? జో బెంచ్ అనే ఆవిడది. ఇవి మీ సిలబస్‌లో లేవా అయ్యా?

2022లో ఆ స్ట్రేంజర్ థింగ్స్ సిరీస్ పుణ్యమా అని మాస్టర్ ఆఫ్ పపెట్స్ పాట 36 ఏళ్ల తర్వాత మొదటిసారి అమెరికా పాటల చార్టు హాట్ 100లోకి వచ్చింది. కొత్త పిల్లలు గుంపులుగా వచ్చారు. జయవిజయులు కర్రలెత్తారు. అప్పుడు స్వయంగా మెటాలికావాళ్లే చెప్పాల్సి వచ్చింది, 40 గంటల అభిమానికైనా 40 ఏళ్ల అభిమానికైనా ఇక్కడ చోటుందని. ఇంటి యజమాని వచ్చి తలుపు బార్లా తీసి లోపలికి రండని పిలుస్తుంటే, వాచ్‌మన్ మాత్రం ఇంకా ఐడీ కార్డు అడుగుతూనే ఉన్నాడు.

ఇంతవరకు సరదాగానే చెప్పాను. ఇక చెప్పలేను.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో బ్లాక్ సబాత్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ ఆఖరిసారి పాడాడు. పార్కిన్సన్స్ వల్ల నిలబడలేక సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. జూలై 22న పోయాడు. ఆ వారమంతా మనుషులు తమ జ్ఞాపకాలు రాసుకున్నారు. అన్నయ్య వాక్‌మన్ దొంగిలించి విన్నవాళ్లు, నాన్న పోయాక ఆయన టేపులు పారేయలేకపోయినవాళ్లు. ఒకతను ఇలా రాశాడు: "నాకు ఆయన మొదట తెలిసింది 2002లో వాళ్లింటి మీద వచ్చిన ఆ టీవీ షో వల్లే. మా అమ్మా నేనూ కలిసి నవ్వుకున్న ప్రోగ్రామ్ అదొక్కటే. ఇప్పుడు అమ్మ లేదు, ఆయనా లేడు." దాని కింద మొదటి జవాబు: "ఓ, రియాలిటీ షో అభిమానివా. సబాత్‌వి మూడు పాటలు చెప్పు చూద్దాం."

ఏం మనుషులయ్యా మీరు? చావు దగ్గర కూడా హాజరు పట్టీ తీస్తారా? ఏడవడానికి ఎంట్రన్స్ పెడతారా? అమ్మ పోయిన కొడుకు ఆ పాటలు విన్నాడో లేదో, నువ్వు మాత్రం వినలేదు. 50 ఏళ్ల రికార్డులు కొని అల్మరా నింపావు, ఒక్కటీ లోపలికి పోలేదు. ఫ్యాక్టరీ కుర్రాళ్లు నలుగురు, ఎవరూ లెక్కచేయని ఊరి నుంచి, విమర్శకులు ఛీ కొడుతుంటే, భయాన్నీ ఒంటరితనాన్నీ నువ్వు కూడా పట్టుకోగలిగేంత పెద్ద శబ్దంగా చేసి నీ చేతిలో పెట్టారు. నువ్వు దాన్ని కర్ర చేసుకుని నీకంటే ఒంటరిగా ఉన్నవాణ్ణి కొట్టడానికి వాడుతున్నావు.

కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకి నా సలహా. జవాబులు బట్టీ పట్టకండి, ప్రొడ్యూసర్ల పేర్లు నెమరేయకండి. ఎవరైనా మిమ్మల్ని నిలదీసి "అంత అభిమానివైతే ఒక పాట పూర్తిగా పాడు" అంటే, నేపామ్ డెత్ 1987లో స్కమ్ ఆల్బమ్‌లో పెట్టిన యూ సఫర్ పాడి వెళ్లిపోండి. గిన్నిస్ పుస్తకం ప్రకారం రికార్డయిన పాటల్లో అన్నిటికంటే చిన్నది, 1.316 సెకన్లు. అందులో ఉన్నదల్లా బాధపడేవాణ్ణి పట్టుకుని ఎందుకు బాధపడుతున్నావని అడగడమే. ఎలాగూ మీరు అతన్ని అడగాల్సింది కూడా అదే.